ఎలుకెక్కడ, బ్యాక్టీరియా ఎక్కడ!

ఈ వారం మనవరాలి సైన్సు ప్రశ్న ఒకటి నా బీపీ పెంచింది: ‘పొలంలోని చిట్టెలుకనూ చెరువులోని మైక్రోసిస్టిస్ బ్యాక్టీరియానూ పోల్చుము.’ పోలికకు ఈడూజోడూ ఉండాలని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు మొత్తుకున్నానో పాత పాఠకులకు తెలుసు. ఇక్కడి హోటలు సాంబారుని శ్రీకాకుళం పప్పుచారుతో పోల్చినవాళ్లతో నేనింకా మాట్లాడటం లేదు. అలాంటిది నక్కకీ నాగలోకానికీ ముడిపెడితే ఊరుకుంటానా?

చిట్టెలుకంటే నాకు తాతగారి పొలమే. గట్టు కింద బొరియ, దాని నోటి దగ్గర గుప్పెడు కొత్తమట్టి. కోతల్లో చివరి మడి మిగిలేసరికి ఎలుకలన్నీ అందులోకే చేరేవి. పిల్లలం కర్రలు పట్టుకుని చుట్టూ కాసేవాళ్లం. చేతికి చిక్కినదాన్ని తూచినట్టు పట్టుకుంటే పాత అయిదు రూపాయల బిళ్లంత బరువు. వేళ్ల మధ్య దాని గుండె దడదడలాడేది. వదిలేసేవాణ్ణి, పెద్దవాళ్లు తిట్టేవాళ్లు.

రెండోది గుంపు కడితేగాని కంటికి ఆనదు. ఎండలకు మా బస్తీ వెనక కుంట పచ్చటి తెట్టు కడితే, సీసాలో పట్టి రాత్రంతా కదపకుండా ఉంచాను. తెల్లారేసరికి పచ్చదనమంతా పైకి తేలింది, కింద నీళ్లు తేటపడ్డాయి. మైక్రోసిస్టిస్ లక్షణమే అది: కణంలో గాలి నిండిన సన్నటి తిత్తులుంటాయి, వాటితో వెలుతురు కోసం పైకొస్తుంది.

తిట్టుకుంటూనే లెక్కలు తిరగేశాను. ఇంటి ఎలుక జన్యుపటం 2002లో వచ్చింది. సుమారు 270 కోట్ల అక్షరాలు, 20 వేల పైచిలుకు జన్యువులు. మైక్రోసిస్టిస్‌లో ఒక రకానిది జపాన్‌వాళ్లు 2007లో తీశారు. 58 లక్షల అక్షరాలు, 6 వేల పైచిలుకు జన్యువులు. నిడివిలో నాలుగు వందల రెట్లకు పైగా తేడా, జన్యువుల్లో మూడింతల చిల్లర! రెండు ఎలుకల్ని పక్కపక్కన పెడితే ఈ వింత దొరికేదా? ఈడూజోడూ సిద్ధాంతం అక్కడే బీటలువారింది.

పైగా ఈ రెంటినీ శాస్త్రవేత్తలు ఎప్పుడో కలిపేశారు. మైక్రోసిస్టిస్‌లో పుట్టే మైక్రోసిస్టిన్ కాలేయాన్ని కొడుతుంది. ఎంత గట్టి విషమో తేల్చింది ప్రయోగశాల ఎలుకల మీదే. తాగునీటిలో లీటరుకు 1 మైక్రోగ్రామ్ అన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు కూడా, ఎలుకలకు 13 వారాలు నోటి ద్వారా ఇచ్చి చూసిన పరీక్ష నుంచి కట్టిందే. మరిగించినా ఆ విషం పోదు.

కుంటలో గేదెల్ని దింపే పక్కవీధి పెద్దాయనకు ఇదంతా చెప్పాను. “ఎలుకెక్కడ, గేదెక్కడ మాస్టారూ!” అని నవ్వాడు. కిలో బరువుకు ఇంత అని మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టాను.