అడ్డు తొలగాక ఎవరు చూశారు?

ఈ వారం ఒక కోడ్ రివ్యూలో ‘రేస్ ఉంది, కానీ థియరీలోనే’ అన్న వ్యాఖ్య చదివి ఒళ్లు మండింది. ఆ మాట మీద నాకున్న కోపం ఈ కాలమ్ పాఠకులకు కొత్త కాదు. అది కనబడ్డప్పుడల్లా నాకు డర్టీ కౌ గుర్తొస్తుంది.

2016 అక్టోబరులో బయటపడిన లినక్స్ కెర్నల్ లోపం అది. దాడికి వాడుతున్న ప్రోగ్రాం చిక్కాకే భద్రతా పరిశోధకుడు ఫిల్ ఓస్టర్ దాన్ని పట్టుకోగలిగారు. రాసే హక్కు లేని ఫైలును ఒక ప్రోగ్రాం ప్రైవేటుగా మ్యాప్ చేసుకుని, ప్రాక్‌లోని మెమ్ ఫైలు గుండా దానిమీద రాయబోతుంది. కెర్నల్ ఆ పేజీకి విడిగా కాపీ తీసిస్తుంది. కాపీ అయిపోయింది కదా అని, రాయడానికే వచ్చామన్న ఫ్లాగ్‌ను తీసేసి పేజీని మళ్లీ వెతుకుతుంది. సరిగ్గా ఆ సందులో ఇంకో థ్రెడ్ ‘ఈ పేజీ నాకక్కర్లేదు’ అని మ్యాడ్వైజ్ కాల్ చేస్తే కాపీ పోతుంది. ఫ్లాగ్ లేదు కాబట్టి కెర్నల్ లెక్కలో ఇప్పుడిది ఉత్త చదువు. అసలు ఫైలు పేజీనే తెచ్చి ఇస్తుంది. రాత దానిమీదే పడుతుంది. మామూలు యూజర్ రూట్ కావడానికి అది చాలు.

లైనస్ టోర్వాల్డ్స్ దీన్ని 2005లోనే చూశారు, ప్యాచ్ కూడా వేశారు. ఐబీఎం ఎస్390 మెషీన్లలో అది చిక్కు తెచ్చింది. ఆ ప్యాచ్ నమ్ముకున్న డర్టీ బిట్ (పేజీ మీద రాత పడిందని చెప్పే గుర్తు) అక్కడ పేజీ టేబుల్లో ఉండేది కాదు. దాంతో వెనక్కి తీసుకున్నారు. తర్వాతి ఏళ్లలో మెమరీ మేనేజ్‌మెంట్ మారుతూ వచ్చి, అప్పట్లో థియరీగా మిగిలిన రేస్‌ను రప్పించడం తేలికైపోయింది.

ఇంత తవ్వాక, నా కోపం ప్యాచ్ వెనక్కి తీసుకున్నవాళ్ల మీద నిలవడం లేదు. నడుస్తున్న మెషీన్లను చెడగొట్టి మరీ థియరీలోని రేస్‌ను మూయమని నేనూ అడగను. నన్ను బాధపెట్టేది 2013. ఆ ఏడాది 3.9 వెర్షన్‌తో ఎస్390కి సాఫ్ట్‌వేర్ డర్టీ బిట్లు వచ్చాయి. అడ్డు తొలగింది. అయినా పాత రేస్‌ను మూయడానికి మరో మూడేళ్లు పట్టింది. 2016 ప్యాచ్ రాసే ఫ్లాగ్‌ను అలాగే ఉంచి, కాపీ అయిందని చెప్పే కొత్త ఫ్లాగ్ చేర్చి, డర్టీ బిట్‌నూ సరిచూసింది. హ్యూజ్ పేజీల దగ్గర ఆ తనిఖీ చాలక 2017లో మళ్లీ ప్యాచ్ వేయాల్సి వచ్చింది.

రివ్యూలు చేసే మిత్రులారా, రేస్‌ను వాయిదా వేయండి, తప్పు లేదు. ఎందుకు వేస్తున్నారో, ఏ అడ్డు తొలగితే మళ్లీ చేపట్టాలో మాత్రం ఆ కమిట్ మెసేజ్‌లోనే రాయండి.