గాలముపై రెక్కలు కట్టు చేతులు

న్యూయార్క్ రాష్ట్రమునందు, క్యాట్స్‌కిల్ కొండల నడుమ, విల్లోవీమాక్ వాగు బీవర్‌కిల్ నదిలో కలియుచోట వెలసిన రాస్కో యను చిన్న యూరు ట్రౌట్ చేపల వేటకు ప్రసిద్ధికెక్కినది. కాని యా ప్రసిద్ధికి ఆధారమైన కౌశలమును చూడగోరువారు ఏటియొడ్డునకు పోవుటకు ముందు, గాలముపై కృత్రిమ కీటకములను కట్టు పనివాని బల్లయొద్ద నిలువవలెను. గోరంత గాలమును వైసు అను చిన్న పట్టు పనిముట్టులో బిగించి, మైనము పూసిన పట్టుదారమును దానిపై చుట్టి, అడవిబాతు ప్రక్కయీకలను జంటరెక్కలుగా నిలిపి, నూగు తీసిన నెమలియీక కాడను వరుసగా చుట్టగా, ముదురు లేత చారలతో కీటకోదరమే రూపొందును. పిమ్మట రెక్కల మొదట చుట్టిన కోడిపుంజు మెడయీక పోగులు బిరుసుగా నలువైపుల విచ్చుకొని, దానిని మునుగనీయక నీటిపై నిలుపును. దారమొక చుట్టు హెచ్చైన తల మొద్దుబారును. బిగువు సడలిన రెక్క యొరుగును. ఏ ఋతువున, ఏ వేళ, ఏ కీటకము నీటినుండి లేచునో యెరిగి కట్టిన యీ యల్పవస్తువు ప్రవాహముతోపాటు తేలిపోవుచు చేపను పైకి రప్పించును; పట్టిన చేపను మరల నీటిలో విడుచు వేటకానికి సయితము, ఏటిని శ్రద్ధతో చూచు దృష్టిని ఆ పనివాడు ప్రసాదించుచున్నాడు.