ఇంటి చదువుకు సింగపూర్ బిగించిన గడియ

‘మా వాణ్ణి బడికి పంపం, ఇంట్లోనే చదివించుకుంటాం’ అని తిరువూరులో ఒక తల్లి అంటే, చట్టం ఒప్పుకుంటుందా అని ఎవరూ అడగరు. ‘మరి టెన్త్ ఎలా రాస్తాడు?’ అంటారు. అది అడగాల్సిన మాటే. చట్టం సంగతి తెలుసుకోవాలనుకున్న వాళ్లు మాత్రం ఒకసారి సింగపూర్ వైపు చూడాలి. చిన్న ద్వీప దేశం, చిన్న చట్టం, రాసింది చేయి తిరిగిన పనివాడు.

నిర్బంధ విద్యా చట్టాన్ని అక్కడ 2000లో చేశారు, 2003 జనవరి 1న అమల్లోకి తెచ్చారు. 1996 జనవరి 1 తర్వాత పుట్టిన పిల్లలకే అది వర్తిస్తుంది. అంటే 2003లో ఒకటో తరగతిలో చేరే పిల్లలతోనే లెక్క మొదలు. అప్పటికే ఇంట్లో చదువుకుంటున్న పెద్ద పిల్లల జోలికి పోలేదు. రాత్రికి రాత్రి ఏ తల్లిదండ్రులనూ నేరస్తులను చేయని ఈ తేదీ నిర్ణయంలోనే రాసినవారి నేర్పు తెలుస్తుంది.

పరిధి గీయడంలోనూ అదే పొదుపు. వయసు ఆరు దాటి పదిహేను నిండని బిడ్డ సింగపూర్ పౌరుడై ఉండాలి, ఆ దేశంలోనే ఉంటూ ఉండాలి. ఉద్యోగానికి వెళ్లిన తెలుగు కుటుంబం అక్కడ శాశ్వత నివాసం పొందినా, పిల్లలు పౌరులు కానంతవరకు ఈ చట్టం వాళ్లను అడగదు.

అసలు పనితనం మినహాయింపులో ఉంది. బడికి పంపకపోతే 5,000 డాలర్ల వరకు జరిమానా, 12 నెలల వరకు జైలు, లేదా రెండూ. ఇంత గట్టి తలుపు పెట్టి, దానికి లోపలి నుంచి తీసుకునే గడియ కూడా బిగించారు. తల్లిదండ్రులు ఏం చెబుతారో, ఎలా చెబుతారో, చెప్పేవారి చదువేమిటో విద్యాశాఖకు రాసి ఇచ్చి మినహాయింపు పొందవచ్చు. ఆ తర్వాత గంటలు, టైంటేబుల్ లెక్కలు వాళ్ల ఇష్టం. పిల్లవాడు మాత్రం ప్రాథమిక విద్య చివర దేశమంతా రాసే పీఎస్ఎల్ఈ పరీక్ష రాయాలి. ఆ ఏడాది రాసినవారిని మార్కుల వరుసలో పెడితే, కింది నుంచి నూటికి 33 మంది ఉండే గీతను అందుకోవాలి.

ఈ కొలతను కాస్త నిలిచి చూడాలి. ఇన్ని మార్కులు అని అంకె వేయలేదు. ప్రశ్నపత్రం కష్టమైతే గీత తనంతట తానే దిగుతుంది, తేలికైతే పైకి పోతుంది. ర్యాంకులు అడగలేదు, మరీ వెనకబడొద్దని మాత్రమే అన్నారు. ఒక్క చిన్న అన్యాయం ఉందనే చెప్పాలి: బడిలో చదివే పిల్లల్లో మూడోవంతు మంది ఆ గీత కిందే ఉంటారు, వాళ్ల తల్లిదండ్రులను ఎవరూ ప్రశ్నించరు.

తెలుగువాళ్లకు ఇంకో చిక్కు. ఆ పరీక్షలో మాతృభాష కూడా ఒక సబ్జెక్టు. భారతీయ భాషల్లో తమిళం, హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ ఉన్నాయి, తెలుగు లేదు. అమ్మ ఇంట్లో తెలుగులోనే అన్నీ చెప్పినా, పరీక్షకు మరో భాష నేర్పక తప్పదు.

ఇక మన విద్యాహక్కు చట్టం. 2009లో చేసి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు చేశారు. ఆరు నుంచి పద్నాలుగేళ్ల బిడ్డను బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అని 10వ సెక్షన్ చెబుతుంది. చేర్చకపోతే శిక్ష ఏమిటో చెప్పదు. గుర్తింపు లేకుండా బడి నడిపేవారికి లక్ష రూపాయల వరకు జరిమానా రాసిన చట్టమే తల్లిదండ్రుల దగ్గరికి వచ్చేసరికి కలం ఆపింది. కూలి కోసం ఊళ్లు మారే కుటుంబాలున్న దేశంలో ఆ ఆపడం మంచిదే. 4వ సెక్షన్ ఇంకా మెచ్చదగింది: ఎన్నడూ బడి ముఖం చూడని బిడ్డ వచ్చినా వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి, వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. అయితే ఇంటి చదువు అనే మాటే అందులో లేదు. అనుమతి పత్రం లేదు, కొలత లేదు. తెలిసి చదివించేవారికీ, అసలు చదివించనివారికీ అక్కడ తేడా కనబడదు. పనితనంలో సింగపూర్‌ది పైచేయి, దయలో మనది.

తిరువూరు తల్లికి ఎదురైన ప్రశ్నకు జవాబు ఉంది. పద్నాలుగేళ్లు నిండితే ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం ద్వారా తెలుగు మాధ్యమంలోనే పదో తరగతి రాయవచ్చు. ఇంట్లో చదివించాలనుకునేవారు పిల్లల జనన ధ్రువపత్రాన్ని మాత్రం ఇప్పుడే సిద్ధం చేసి పెట్టుకోండి.