24 గంటల నొప్పి, బల్ల దగ్గరి చదువు

దివిసీమ నుంచో గుడివాడ వైపు నుంచో అర్ధరాత్రి బెజవాడ సూర్యారావుపేటకు చేరిన రోగి, కుడివైపు పొత్తికడుపు పట్టుకుని "24 గంటల నొప్పండీ" అంటాడు. డాక్టరు కేస్‌షీట్‌లో అపెండిసైటిస్ అని రాస్తారు. థియేటర్ లిస్టుకెక్కేసరికి అది అపెండిసెక్టమీ. ఆ మూడో పేరు చూసి ఏ ట్రే తెరవాలో, ఏ దారం తీసి ఉంచాలో తెలుసుకోవాల్సినవాడు ఆపరేషన్ థియేటర్ (ఓటీ) టెక్నీషియన్.

విజయవాడలో 1986లో మొదలైన ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలో ఇప్పుడు ఈ పనికి డిగ్రీ చదువే ఉంది. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లల్ని ముందుగా బెదరగొట్టేవి పేర్లే. తోకలు పట్టుకుంటే మాత్రం అవి లొంగుతాయి. ‘ఎక్టమీ’ అంటే తీసేయడం. ‘ఆటమీ’ కోసి తెరవడం. ‘ఆస్టమీ’ కొత్త దారి పెట్టడం. ‘రాఫీ’ కుట్టడం. బోదకాలు వేధించిన ఈ కృష్ణా డెల్టాలో ముసలమ్మలకు కూడా తెలిసిన బుడ్డకు వైద్యుల పేరు హైడ్రోసిల్. హైడ్రో నీరు, సిల్ ఉబ్బు. మనవాళ్లు పెట్టిన పేరుకూ దానికీ పెద్ద దూరం లేదు! ప్రత్యయాలు, సంధులు వల్లెవేసిన పిల్లలకు ఇలా విడగొట్టి చెబితే సగం భయం పోతుంది. అలా చెప్పే పాఠాలే తక్కువ.

పేరు తెలిస్తే సరిపోదు, దాని వెనకున్న శరీరం కళ్లకు కట్టాలి. కుడి తుంటి ఎముక ముందు మొన నుంచి బొడ్డుకు గీత గీస్తే, మొనవైపు మూడో వంతు దగ్గర మెక్‌బర్నీ బిందువు. న్యూయార్క్ సర్జన్ చార్లెస్ మెక్‌బర్నీ 1889లో చెప్పిన గుర్తు అది. పాత పద్ధతిలో కోత అక్కడే. చర్మానికి బ్లేడు. కింది కండరాలను అడ్డంగా నరకరు, పోగుల వెంబడి విడదీస్తారు. అప్పుడు లాంగెన్‌బెక్ రిట్రాక్టర్లతో వాటిని పక్కకు లాగి పట్టుకుంటారు. పెరిటోనియం పొరను రెండు ఆర్టరీ ఫోర్సెప్స్‌తో ఎత్తి పట్టి గాటు పెడతారు. అపెండిక్స్ దొరికాక సర్జన్ చెయ్యి చాపితే అందులో పడాల్సింది బాబ్‌కాక్. ఆలిస్ కాదు. ఆలిస్‌కు పళ్లుంటాయి, కండ గాయపడుతుంది. బాబ్‌కాక్ కొస నునుపు, పేగును నలపకుండా పట్టుకుంటుంది. అడిగాక వెతికేవాడికన్నా అడగకముందే తీసి ఉంచినవాడు మేలు.

చేత్తో చేసి నేర్చుకునే సాధన మనకు కొత్తదేం కాదు. సొరకాయ మీద, దోసకాయ మీద కోత నేర్పమని సుశ్రుతుడు ఏనాడో చెప్పాడు. ఇప్పుడు లాపరోస్కోపీ వచ్చి పెద్ద కోత బదులు చిన్న రంధ్రాలు చాలుతున్నాయి; ట్రే మారింది, శరీరం అదే.

ఇక లెక్క. కోతకు ముందు మాపులు (రక్తం అద్దే గుడ్డలు), సూదులు, పరికరాలు లెక్కపెట్టి బోర్డు మీద రాస్తారు. పొట్ట మూసేముందు మళ్లీ లెక్క. ఒక్క మాపు తగ్గినా వెతుకులాటే, సర్జన్ ఎంత పెద్దవారైనా ఆగాల్సిందే. లోపల మరిచిపోయిన గుడ్డ చుట్టూ పెరిగే గడ్డకు గాసిపిబోమా అని పేరుంది. గాసిపియం అంటే లాటిన్‌లో పత్తి. ఒకవేళ లోపల ఉండిపోయినా దొరకాలనే మాపుల్లో ఎక్స్‌రేకు కనబడే దారం పెట్టి నేస్తున్నారు. అయినా చేత్తో లెక్కపెట్టడం ఎవరూ మానలేదు.