కత్తెర కంటే ముందు సుద్ద

"అమ్మా, ఆది జాకెట్టు తెచ్చారా?" అని అడగని టైలరు మన వైపు అరుదు. ఒంటి మీద టేపు పెట్టించుకోవడానికి మొహమాటపడే ఆడవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు కాబట్టి, బాగా పట్టిన పాత జాకెట్టే కొలతలన్నీ చెప్పాలి. దాన్ని మధ్యకు మడిచి, కొత్త గుడ్డ మడతకు ఆనించి, చుట్టూ సుద్దతో గీసేస్తే పనైపోయినట్టే కనిపిస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. వాడగా వాడగా ఆది మెడ సాగి ఉంటుంది, చంకల దగ్గర ఒకటి రెండుసార్లు విప్పి కుట్టి ఉంటారు. గుడ్డిగా గీస్తే ఆ లోపాలన్నీ కొత్త గుడ్డ మీదికి దిగుతాయి. అందుకే చెయ్యి తిరిగిన టైలరు ఆది పెట్టి గీసినా సరే భుజం, చాతీ, చంక, నడుము టేపుతో మళ్ళీ సరిచూసుకుంటాడు.

జాకెట్టు కుదిరితే 'కుట్టు బాగుంది' అంటాం. నన్నడిగితే కుదరడం, కుదరకపోవడం గుడ్డ మిషను ఎక్కకముందే తేలిపోతుంది. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు. కత్తెర తప్పితే ఆ పట్టు ముక్కకు చేయగలిగింది పెద్దగా ఉండదు. పెద్ద దుకాణాల్లో మాస్టరు కటింగ్ తన చేతిలోనే ఉంచుకుని, కుట్టు పని మిగతావాళ్ళకు పంచేది ఇందుకే.

గీత గీయడానికి ముందే ఒక పనుంది. నూలు గుడ్డను, ముఖ్యంగా లైనింగును, నీళ్ళలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చెయ్యాలి. తడపని లైనింగు మొదటి ఉతుకుకే లాక్కుపోతుంది. పట్టు పైగుడ్డ మాత్రం అలాగే ఉండి ముడతలు పడుతుంది. తర్వాత ఆ జాకెట్టును ఎంత ఇస్త్రీ చేసినా లాభం లేదు.

ఇక లెక్క. గుడ్డ మీటర్లలో కొంటాం, కొలతలు మాత్రం అంగుళాల్లోనే రాస్తాం. చీరతో వచ్చే 80 సెంటీమీటర్ల ముక్క అంటే టేపు మీద ముప్పైఒకటిన్నర అంగుళాలు. చాతీ 36 అయితే నాలుగో వంతు 9. లూజుకు అరంగుళం, లోపలి కుట్టుకు అంగుళంన్నర కలిపితే మడత నుంచి 11 దగ్గర సుద్ద గుర్తు పడుతుంది. ఈ లెక్క ఎవరైనా నేర్చుకుంటారు. తెలివి ఉండాల్సింది ముందు భాగానికీ వెనక భాగానికీ ఉన్న తేడాలో. డాట్లు (చాతీ ఒంపు కోసం వేసే మొన మడతలు) పడితే పొడవు తగ్గుతుంది కాబట్టి ముందు భాగం వెనకదానికంటే ఓ అంగుళం ఎక్కువ గీయాలి. ముందు చంక గుండ్రం అరంగుళం లోపలికి తవ్వినట్టు రావాలి, లేకపోతే అక్కడ గుడ్డ కుప్పగా నిలుస్తుంది. డాటు మొన చాతీ ఎత్తు దాకా పోకుండా కాస్త ఇవతలే ఆగాలి.

అన్నిటికంటే మోసం చేసేవి చేతులు. నాలుగు మడతల మీద రెండు చేతులూ ఒకేసారి కత్తిరిస్తాం, అంతవరకూ బాగానే ఉంటుంది. ఆ తర్వాత రెంటినీ విప్పి, లోపలివైపులు ఎదురెదురుగా ఉండేలా ఒకదాని మీద ఒకటి పరిచి, ఒక పక్క గుండ్రాన్ని మాత్రమే అరంగుళం లోతు చెయ్యాలి. అది ముందు వైపు. రెండూ ఒకే వైపు తిరిగి ఉండగా కోస్తే రెండూ ఒకే చేతికి తయారవుతాయి! కోసిన వెంటనే ముందు వైపున కత్తెర మొనతో చిన్న గాటు పెట్టాలి. ఆ గాటు లేక కుడి చెయ్యి ఎడమకు ఎక్కిందంటే, బస్సులో పైకమ్మీ పట్టుకున్నప్పుడల్లా జాకెట్టంతా పైకి లేస్తుంది. వేసుకున్నావిడ టైలర్ని తిట్టుకుంటుంది, కారణం మాత్రం ఇద్దరికీ అంతుబట్టదు.

గుడ్డ పరిచే వరస గురించి నేర్పేటప్పుడు 'పెద్ద ముక్కలు ముందు' అంటారు. సాదా గుడ్డకు అది నిజమే. అంచున్న జాకెట్టుకు నిజం కాదు. అంచు చేతుల చివరన పడాలి గనక ముందు చేతులకు చోటు పెట్టి, మిగిలిన దాంట్లో వెనక భాగం, ముందు భాగాలు సర్దుకోవాలి. పెడన కలంకారీలో నెమళ్ళు ఒకే దిక్కుకు నిలబడి ఉంటే, గుడ్డ కలిసొస్తుందని ఒక ముక్కను తిప్పి పెట్టకూడదు. వీపు మీద నెమలి తలకిందులవుతుంది. వెల్వెట్‌కీ అంతే, నూగు ఒకే వైపు వాలాలి. తిప్పి కోసిన ముక్క వెలుతురులో వేరే రంగులా కనిపిస్తుంది.

క్రాస్ కటింగ్‌కు గుడ్డ ఎక్కువ పడుతుందని కొందరు సణుగుతారు. పడుతుంది, కానీ దండగ కాదు. పడుగు వెంట, పేక వెంట లాగితే నూలు గుడ్డ దాదాపు సాగదు. 45 డిగ్రీల ఏటవాలుగా లాగితే సాగుతుంది. తెగిన అంచును నేత అంచు మీదికి మడిస్తే వచ్చే వాలు మడతే ఆ క్రాస్. ముందు భాగాన్ని దాని మీద కోస్తే ఒంటికి అతికినట్టు కూర్చుంటుంది. మెడకు పెట్టే పైపింగ్ పట్టీలు ఎలాగూ క్రాస్‌లోనే కొయ్యాలి, నిలువు పట్టీ గుండ్రం తిరగదు.

గీతలు లోపలివైపే గీయాలి. మైనం కలిసిన సుద్ద ఇస్త్రీ వేడికి పట్టు మీద మరకవుతుంది. ఇళ్ళల్లో అరిగిపోయిన స్నానం సబ్బు పలుకును దాచుకునేది అందుకే. దాని అంచు పల్చగా ఉంటుంది, గీత సన్నగా పడుతుంది, నీళ్ళు తగిలితే పోతుంది. ఇంతకంటే మంచి మార్కర్ బజారులో దొరుకుతుందని నేననుకోను.

కత్తెరకు మొదటి నియమం: గుడ్డ కోసేదానితో కాగితం కొయ్యకూడదు, పదును పోతుంది. కింది అలుగు బల్లకు ఆనుకునే నడవాలి, గుడ్డను గాల్లోకి ఎత్తకూడదు. ఎడమ అరచెయ్యి గుడ్డ మీద పరిచి ఉంచాలి.

అమెరికాలో ఎబెనీజర్ బటరిక్ 1863లో సైజుల వారీగా కాగితం నమూనాలు అమ్మకానికి పెట్టాడు. మన దగ్గర ఆ పని పాత దినపత్రిక చేస్తోంది. కొలతలన్నీ పేపరు మీద వేసి, కోసి, మీద పేరూ తేదీ రాసి మేకుకు తగిలించుకునే టైలర్లున్నారు. ఆది జాకెట్టులా పేపరు సాగదు. కుట్టాక తేలిన తప్పును దాని మీదే దిద్దుకోవచ్చు.

మీరు ఈసారి జాకెట్టు ఇచ్చేటప్పుడు పండగ ముందు రోజు కాకుండా నాలుగు రోజులు ముందే ఇవ్వండి. లైనింగు మీరే తడిపి ఆరేసి తీసుకెళ్ళండి. పక్క కుట్ల లోపల అంగుళంన్నర గుడ్డ వదలమని, అది కత్తిరించి పారేయొద్దని నోరు తెరిచి చెప్పండి. ఒళ్ళు పెరిగినా ఆ జాకెట్టును ఒక కుట్టు విప్పి ఇంకొన్నేళ్ళు వేసుకోవచ్చు.