ఫోర్డ్ ఇంజను – కొలోటి గేరుపెట్టె

1964 జూన్ నెలలో ఫ్రాన్సులోని లె మాన్ 24 గంటల పందెమునకు ఫోర్డ్ సంస్థ మూడు జి.టి. 40 కార్లను పంపినది. ఇంజను ఫోర్డ్‌వారి 4.2 లీటర్ల వి-8; గేరుపెట్టె ఇటలీలోని కొలోటివారిది. ఆరంభములో ఈ కార్లలో ఒకటి అందరికన్న ముందు పరుగెత్తినది. కాని ఒక్కటియు పందెము పూర్తిచేయలేదు. ఒకటి మంటల పాలైనది; రెండు గేరుపెట్టెలు చెడి నిలిచిపోయినవి.

ఈ జోడులో లోపమెక్కడ? పెట్టె ఇంజనుకు బిగించుటకు కుదిరినది; గంటల తరబడి దాని బలమును మోయుటకు కుదరలేదు. ఈ రెంటికిని చాల భేదమున్నది. బోల్టు రంధ్రములు కలియకున్నచో నడుమ పలక నమర్చవచ్చును. క్రాంకుషాఫ్టు, గేరుపెట్టె షాఫ్టు ఒకే రేఖలో నిలుపవచ్చును. పండ్లచక్రముల బలమును మాత్రము ఏ పలకయు పెంచజాలదు.

అశ్వశక్తి నొక్కదానినే చూచిన ఈ సంగతి తెలియదు. నిమిషమునకు 6,000 చుట్లతో 100 అశ్వశక్తి నిచ్చు ఇంజనుకన్న, 3,000 చుట్లతోనే అంత శక్తి నిచ్చు ఇంజను మెలిత్రిప్పు బలము, అనగా టార్కు, రెట్టింపు. పండ్లపై పడునది ఈ బలమే.

అయితే పరాయి పెట్టె వాడుటయే తప్పా? కాదు. ఫోర్డ్‌వారు తరువాత జర్మనీ దేశపు జెడ్.ఎఫ్. పెట్టె నమర్చిరి. 1968, 1969 లె మాన్ విజయములు ఆ జోడువే. కావున యంత్రమును పరీక్షించు విద్యార్థి “ఎంత శక్తి?” అని అడిగి ఊరకొనరాదు; “ఎన్ని చుట్లవద్ద?” అనియు అడుగవలెను.