అత్తగారి తంబూరా

మాండొలిన్ అంటే మా అత్తగారికి పెళ్ళి బ్యాండు వాయిద్యం. ఆవిడ వీణ నేర్చుకున్నవారు మరి! అందుకే మొన్న మా ఏ.ఎస్. రావు నగర్ యింట్లో, ఆవిడ వరండాలో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుండగా, నేను "డ్రీమ్" ఆల్బమ్ పెట్టడానికి కాస్త జంకాను. 1995లో ఇంగ్లండులోని రియల్ వరల్డ్ కంపెనీ విడుదల చేసింది. వాయించింది మన పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్ గారూ, కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూకూ.

రెండు నిమిషాలు విని, "తంబూరా బాగా పలుకుతోందే, ఎవరిదీ?" అన్నారు అత్తగారు.

అది తంబూరా కాదని చెప్పడానికి నోరు రాలేదు. ఈ ఆల్బమ్‌లోని కీలకమంతా ఆవిడ ఆ ఒక్క ప్రశ్నలో పట్టేసుకున్నారు.

మాండొలిన్ తీగ మీటితే ఖంగుమని, అంతలోనే ఆరిపోతుంది. గమకానికేమో స్వరం నిలవాలి. పాశ్చాత్యులు నాలుగు జతల తీగలు కట్టుకుంటే, శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండొలిన్ పుచ్చుకుని ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ రాదట! ఆయన పాడితే, కుర్రవాడు ఆ పాటను తీగమీద పలికించేవాడట. ఆ వాయిద్యంలో గొంతు వినిపించేది అందుకే కాబోలు.

బ్రూక్ తయారు చేసుకున్న "ఇన్ఫినిట్ గిటార్" దీనికి సరిగ్గా ఎదురు. తీగ కదలికను కరెంటు ద్వారా మళ్ళీ తీగకే అందిస్తుంది గనుక మోత ఆగనే ఆగదు. ఆరిపోయే నాదం పక్కన ఆరని నాదం! గిటారు ఒదిగి శ్రుతిలా నిలబడిన చోటల్లా మాండొలిన్ తీరిగ్గా నడుస్తుంది, ఎవరో తలుపు తీసి పెట్టినట్టు.

ఇక నా ఫిర్యాదు. దరువు జోరందుకున్న చోట నాకు రుచించలేదు. కచేరీలో మృదంగం ఆయన్ని నిలదీస్తుంది, ఆయన తప్పించుకుని నవ్వుతూ సమానికి వస్తారు. ఇక్కడ దరువు గడియారంలా తన దారిన తాను పోతుంది. వేగం వుంది గాని గండం లేదు. పులుసులో బెల్లం ఎక్కువైనట్టుంది.

పరాయి సంగీతం ఆయన్ని పాడు చేసిందనే వాళ్ళ మాట మాత్రం ఒప్పుకోను. 1983లో, పద్నాలుగేళ్ళప్పుడే, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో మన కృతులు వాయించి వచ్చినవాడాయె! తర్వాత జాన్ మెక్‌లాగ్లిన్ "రిమెంబర్ శక్తి"లో వినండి. అక్కడ జాకిర్ హుస్సేన్ తబలా ఆయన్ని వూరికే వదలదు. ఆ గండమే యిక్కడ లోటు.

ఆల్బమ్ అయిపోయాక అత్తగారికి అసలు సంగతి చెప్పాను. ఈనెలు తీయడం ఆపారు.

"ఆ అబ్బాయి యిప్పుడెక్కడున్నాడే?"

"2014 సెప్టెంబరులో పోయారండీ, మద్రాసులో. నలభై అయిదేళ్ళకే."

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మొదటినుంచీ పెట్టు. ఆ డప్పుల చోటు వద్దులే" అన్నారు.